అమ్మాయి రాకెట్ ఇంజన్ల మీద రీసెర్చ్ చేస్తానంటే: దారి ఎలా ఉంటుందో నాకు తెలిసినంత వరకు

మిర్యాలగూడ నుంచి ఒక అన్న అడిగిన ప్రశ్న ఇది: అమ్మాయి ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ, రాకెట్ ఇంజన్ల మీద రీసెర్చ్ చేస్తానని పట్టుబట్టి కూర్చుంది, చుట్టాలంతా సీఎస్‌ఈలో చేర్పించి అమెరికా పంపమంటున్నారు, ఏరోస్పేస్ బ్రాంచే తీసుకోవాలా, ఐఐటీ రాకపోతే సంగతేంటి, ఎన్నేళ్లు పడుతుంది, జీతం ఎంత, ఆడపిల్లకు ఆ పని సాగుతుందా అని. నాది దేవరకొండ దగ్గర ఊరు. మెకానికల్‌లో బీటెక్, ప్రొపల్షన్‌లో (అంటే ఇంజన్ తోపు పుట్టించే విద్యలో) ఎంటెక్, తర్వాత దహనం మీద పీహెచ్‌డీ చేసి ఇప్పుడు హైదరాబాద్‌లో ఇంజన్ల టెస్టింగ్‌లో ఉన్నాను. కొంచెం పొడుగ్గానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి, అమ్మాయితో కూడా చదివించండి.

అసలు మాట ముందే చెప్పేస్తా అన్నా. బ్రాంచ్ పేరు గురించి మీరు పడుతున్న టెన్షన్‌లో సగం అక్కర్లేదు. రాకెట్ ఇంజన్ పని వచ్చేది ఇంజన్ మండే చోట, లేదంటే కనీసం దాని ఒక్క ముక్కకు నీళ్లు పట్టి, గాలి పట్టి పరీక్షించే చోట. ఏ కాలేజీ, ఏ కోర్సు, ఏ ఉద్యోగం అమ్మాయిని ఆ చోటుకు త్వరగా చేరుస్తుందో అది మంచిది. చేర్చనిది ఎంత పేరున్నదైనా ఈ పనికి అంత మంచిది కాదు. కింద రాసిందంతా ఈ ఒక్క కొలతతో చూసి రాసిందే.

ఈ పని అంటే ఏమిటో మొదట తెలియాలి, ఎందుకంటే టీవీలో కనిపించేది ప్రయోగం ఒక్కటే. నిప్పులు చిమ్ముతూ రాకెట్ లేస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు. దానికి ముందు ఏళ్ల తరబడి జరిగేదే మా పని. ఉదాహరణకు ఇంజెక్టర్ తీసుకోండి. ఇంధనాన్ని, అది మండటానికి ఆక్సిజన్ అందించే ఆక్సిడైజర్‌ను సన్నటి ధారలుగా మంట మండే ఛాంబర్‌లోకి చల్లే పళ్లెం లాంటి భాగం అది, దాని నిండా సన్నసన్నటి రంధ్రాలు ఉంటాయి. మంట పెట్టక ముందు దానికి మామూలు నీళ్లు పంపి చూస్తాం, కోల్డ్ ఫ్లో అంటాం. నీళ్ల ధారలన్నీ అనుకున్న కోణంలో వచ్చి ఒకదానికొకటి తగిలి తుంపర కావాలి. ఒక్క రంధ్రం అంచున కంటికి ఆననంత లోహపు ముల్లు, బర్ అంటాం, మిగిలినా ఆ ధార పక్కకు తిరిగి ఛాంబర్ గోడ మీద పడుతుంది, రేపు నిజంగా మండించినప్పుడు సరిగ్గా అక్కడే గోడ కాలి కన్నం పడుతుంది. అందుకని ఒక్కో రంధ్రం దగ్గర మైక్రోస్కోప్ పెట్టుకుని కూర్చుంటాం, ధార ధారకూ ఫొటో తీస్తాం, కింద గిన్నెలు అమర్చి ఏ భాగంలో ఎన్ని నీళ్లు పడ్డాయో కొలుస్తాం. మీ అమ్మాయికి ఇలాంటి పని విసుగనిపించదు అనుకుంటే చాలా మంచిది, ఎందుకంటే ఈ రంగంలో ఎక్కువ రోజులు ఇలాగే గడుస్తాయి.

టెస్ట్ రోజు వేరే లోకం. ద్రవ ఆక్సిజన్ వాడే ఇంజన్ అయితే తెల్లవారుజాము నుంచే మొదలు. ఆక్సిజన్ ద్రవంగా ఉండాలంటే మైనస్ 183 డిగ్రీలు, హైడ్రోజన్ అయితే మైనస్ 253. పైపులు మామూలు వేడిమీద ఉండగా ఆ ద్రవం వదిలితే అక్కడికక్కడే ఆవిరైపోతుంది, పంపుకు చేరేది ఆవిరే. కాబట్టి కొంచెం కొంచెంగా వదిలి లైన్లన్నీ చల్లబరుస్తాం, చిల్‌డౌన్ అంటారు. పైపుల మీద తెల్లగా మంచు పేరుకుంటుంది, చుట్టూ పొగలా ఆవిరి. ఈ లోపల కంట్రోల్ రూమ్‌లో వేడి కొలిచే థర్మోకపుల్ ఒకటి తప్పు రీడింగ్ చూపిస్తుంది, అది సెన్సర్ తప్పా, వైరు తప్పా, నిజంగానే అక్కడ వేడి ఉందా అని తేల్చే దాకా కౌంట్‌డౌన్ ఆగుతుంది. అన్నీ కుదిరాక ఇంజన్ మండేది కొన్ని సెకన్లే, ఏ పీడనమైనా గీత దాటితే కంప్యూటరే ఆపేస్తుంది. తర్వాత నైట్రోజన్‌తో లైన్లు శుభ్రం చేసి, చల్లారాక వెళ్లి టార్చ్ వేసి ఛాంబర్ లోపల చూస్తాం. ఆ కొన్ని సెకన్ల డేటా చదివి అర్థం చేసుకోవడానికి వారాలు పడుతుంది. నాకైతే ఆ వారాలే ఇష్టం.

ఒక్క భాగం మీద ఎన్నేళ్ల జీవితం పెట్టాల్సి వస్తుందో చెప్పడానికి మన దేశం సంగతే చాలు. 2010 ఏప్రిల్ 15న ఇస్రో జీఎస్ఎల్వీ రాకెట్ డీ3 ప్రయోగం జరిగింది, మనం సొంతంగా చేసుకున్న క్రయోజెనిక్ ఇంజన్‌తో, అంటే అతి చల్లని ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్‌తో నడిచే ఇంజన్‌తో, మొదటిది. కింది దశలు బాగానే పనిచేశాయి. పై దశ అంటుకున్న సెకను, సెకనున్నర లోపే ఇంధనం వైపు బూస్టర్ టర్బోపంపు ఆగిపోయింది. ఆ పంపు ఎందుకంటే, ట్యాంకులోంచి వచ్చే హైడ్రోజన్‌కు పీడనం చాలదు, నేరుగా పెద్ద పంపుకు ఇస్తే లోపల ఆవిరి బుడగలు లేస్తాయి. బోరులో నీళ్లు కిందికి పోయినప్పుడు మోటారు గాలి లాగి ఎట్లా అదురుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే ముందు ఒక చిన్న పంపు పెట్టి పీడనం కొంచెం పెంచి పెద్ద పంపుకు అందిస్తారు. ఆ చిన్న పంపు నిమిషానికి 34 వేలకు పైగా చుట్లు అందుకుని, తర్వాత వేగం పడిపోయి ఆగిపోయింది. విచారణలో రెండు కారణాలు అనుమానించారు: సీల్ దగ్గర పట్టేసి రోటర్ బిగుసుకుపోయి ఉండాలి, లేదా పీడనం, వేడి తేడాల వల్ల టర్బైన్ కేసింగ్ చిట్లి ఉండాలి. పగిలిన ముక్క చేతికి రాదు కదా, అది సముద్రంలో పడింది. చేతిలో ఉన్నది టెలిమెట్రీ గీతలే, అంటే ఎగురుతూ రాకెట్ రేడియోలో పంపిన కొలతలే. ఆ గీతలు చూసి, పంపులో మార్పులు చేసి, తమిళనాడులోని మహేంద్రగిరిలో మళ్లీ మళ్లీ మండించి, గాలి లేని పరిస్థితి కల్పించి ఇగ్నిషన్ పరీక్షలు కూడా చేసి, 2013 ఆగస్టు 19న ప్రయోగానికి సిద్ధమయ్యారు. ఆ రోజు రెండో దశలో ఇంధనం లీకై గంటంబావు ముందు కౌంట్‌డౌన్ ఆపేశారు. చివరికి 2014 జనవరి 5న ఆ ప్రయోగం, జీఎస్ఎల్వీ డీ5, గెలిచింది. దాదాపు నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లు ఒక సీల్, ఒక బేరింగ్, ఒక కేసింగ్ గురించి ఆలోచిస్తూ ఇంటికి వెళ్లిన ఇంజనీర్లు ఉన్నారు, వాళ్ల పేర్లు పేపర్లో రాలేదు. ఇది కెరీర్ అంటే ఇలా ఉంటుందని అమ్మాయికి చెప్పండి. భయపెట్టడానికి చెప్పడం లేదు, నాకు వాళ్ల మీద ఉన్న గౌరవం కొద్దీ చెప్తున్నా.

ఇక చదువు. ఇంటర్ తర్వాత అన్నిటికన్నా నేరు దారి తిరువనంతపురం దగ్గర వలియమలలో ఉన్న ఐఐఎస్‌టీ. అంతరిక్ష శాఖ 2007లో పెట్టిన సంస్థ, అక్కడ ఏరోస్పేస్ ఇంజనీరింగ్ బీటెక్ ఉంది, మంచి మార్కులతో బయటికొచ్చిన వాళ్లను ఖాళీలను బట్టి ఇస్రోలోకి తీసుకుంటారు. ఇస్రో ద్రవ ఇంజన్ల సంస్థ ఎల్‌పీఎస్‌సీ కూడా వలియమలలోనే. సీటు జేఈఈ అడ్వాన్స్‌డ్ ద్వారా వస్తుంది. ఐఐటీల్లో మద్రాస్, బొంబాయి, కాన్పూర్, ఖరగ్‌పూర్‌లలో ఏరోస్పేస్ విభాగాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. మద్రాస్ ఐఐటీలో దహన పరిశోధన కోసమే ఒక జాతీయ కేంద్రం ఉంది, ఎన్‌సీసీఆర్‌డీ అంటారు. అమ్మాయికి అక్కడ సీటొస్తే ఇంకేం ఆలోచించకండి.

రాకపోతే? మన దగ్గర ఎక్కువ మంది పిల్లల కథ ఇక్కడే మొదలవుతుంది కాబట్టి దీని గురించి కొంచెం గట్టిగా చెప్తా. ఎప్‌సెట్ ర్యాంకుతో హైదరాబాద్ చుట్టుపక్కల ఏదో కాలేజీలో ఏరోనాటికల్ సీటు దొరుకుతుంది, పేరు చూసి చేరిపోతారు. చేరే ముందు దయచేసి ఒక్కసారి ఆ కాలేజీకి వెళ్లి ల్యాబ్ చూపించమని అడగండి. విండ్ టన్నెల్ ఉందా, ఉంటే ఈ సెమిస్టర్‌లో పిల్లలు దాని మీద ఏం చేశారు, రికార్డు పుస్తకం చూపించగలరా, ప్రొపల్షన్ చెప్పే మాస్టారు ఎవరు, ఆయన ఏం పరిశోధన చేశారు. తాళం తీసి దుమ్ము దులిపి చూపించే ల్యాబ్ అయితే వెనక్కి తిరగండి. దాని బదులు మంచి కాలేజీలో మెకానికల్ తీసుకోవడం మేలని నా గట్టి అభిప్రాయం. థర్మోడైనమిక్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్, మెటీరియల్స్, మెషిన్ డిజైన్ అన్నీ మెకానికల్‌లో గట్టిగా వస్తాయి, మా పని పునాదులు అవే. ఇంకో పచ్చి నిజం ఏమిటంటే ఇస్రో కేంద్రాలన్నిటికీ కలిపి పడే సైంటిస్ట్ ఇంజనీర్ ‘ఎస్‌సీ’ (ఇది పోస్టు గ్రేడు పేరు, రిజర్వేషన్ కాదు) నోటిఫికేషన్లు ఎక్కువగా మెకానికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్ వాళ్లకే ఉంటాయి. ఏరోనాటికల్ అని విడిగా పిలిచేది తక్కువ. అక్కడ 65 శాతం లేదా 6.84 సీజీపీఏ కావాలి, తర్వాత రాత పరీక్ష, ఇంటర్వ్యూ. ఏరోస్పేస్ పట్టా చేతిలో పట్టుకుని మెకానికల్ నోటిఫికేషన్ ముందు కూర్చుని బాధపడిన పిల్లల్ని చాలామందిని చూశాను. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ సైంటిస్ట్ బీ పోస్టుల్లో ఏరోనాటికల్ వాళ్లకు అవకాశం ఉంటుంది, గేట్ (బీటెక్ తర్వాత ఎంటెక్ సీట్ల కోసం రాసే పరీక్ష) మార్కులు, ఇంటర్వ్యూ చూసి తీసుకుంటారు.

సీఎస్‌ఈలో చేరితే దారి పూర్తిగా మూసుకుపోతుందా అంటే పోదు, ఇంజన్ లోపలి మంటను కంప్యూటర్‌లో లెక్కగట్టే పని పెద్దది. కానీ ఆ పిల్ల కోరిక ఇంజన్ మీద ఉన్నప్పుడు, నాలుగేళ్లు వేరేదాంట్లో పెట్టి తర్వాత ఇటు తిప్పుదామనుకోవడం ఎక్కువ మందికి కుదరలేదు. నాలుగో ఏడు క్యాంపస్‌లో ఆఫర్ వచ్చాక ఇంట్లో ఎవరూ ఎంటెక్‌కు పంపరు, ఆ మాట మీకూ తెలుసు.

మన పాలమూరు, నాగర్‌కర్నూల్ వైపు ఇంజనీరింగ్ దాకా స్తోమత లేని ఇళ్లు చాలా ఉన్నాయి, వాళ్ల కోసం కూడా ఒక మాట. ఐటీఐ ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్, వెల్డర్ చేసినవాళ్లకు ఇస్రోలో టెక్నీషియన్ పోస్టులు, ఫస్ట్ క్లాస్ డిప్లొమా ఉన్నవాళ్లకు టెక్నికల్ అసిస్టెంట్ పోస్టులు పడుతుంటాయి. టెస్ట్ స్టాండ్ మీద ఇంజన్‌ను అసలు చేతులతో ముట్టుకునేది వాళ్లే. మంచి వెల్డర్ చెయ్యి తగలకుండా ఏ ఛాంబరూ తయారు కాదు, వాళ్ల మాట విని నేను డ్రాయింగ్ మార్చుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి.

బీటెక్ నాలుగేళ్లలో అమ్మాయి ఏం చేయాలి? ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల సైట్‌లో ఐఐటీ ప్రొఫెసర్లు చెప్పిన రాకెట్ ప్రొపల్షన్, గ్యాస్ డైనమిక్స్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి, అవి లెక్కలు చేస్తూ వినాలి, ఊరికే వింటే రాదు. పైథాన్ గానీ మాట్‌ల్యాబ్ గానీ ఒకటి బాగా రావాలి. వర్క్‌షాప్‌ను చిన్నచూపు చూడకూడదు.

ఇప్పుడే, ఇంటర్‌లో ఉండగానే చేయగలిగిన లెక్క ఒకటి చెప్తా, తనకు నచ్చితే దారి సరైనదే అని నా నమ్మకం. త్సియాల్కోవ్‌స్కీ అనే రష్యా స్కూల్ టీచర్ 1903లో ప్రచురించిన సూత్రం: బయల్దేరేటప్పటి బరువును ప్రొపెల్లెంట్ (ఇంధనం, ఆక్సిడైజర్ కలిపి) అయిపోయాక మిగిలే బరువుతో భాగించి, దాని సహజ లాగరిథమ్ తీసి, నాజిల్‌లోంచి వాయువు బయటికొచ్చే వేగంతో గుణిస్తే రాకెట్‌కు వచ్చే వేగం తెలుస్తుంది. కక్ష్యలోకి చేరాలంటే గురుత్వాకర్షణకు, గాలికి పోయే నష్టాలు కలుపుకుని సెకనుకు 9.4 కిలోమీటర్లు కావాలనుకోండి. ఇంజన్ స్పెసిఫిక్ ఇంపల్స్, అంటే ప్రొపెల్లెంట్‌ను అది ఎంత బాగా తోపుగా మారుస్తుందో చెప్పే కొలత, 300 సెకన్లు అయితే, 9.8తో గుణిస్తే వాయువు వేగం 2.94 కిలోమీటర్లు. లెక్క చేస్తే బరువుల నిష్పత్తి 24 దాటుతుంది, అంటే బయల్దేరే బరువులో 96 శాతం ప్రొపెల్లెంటే ఉండాలి, మిగిలిన 4 శాతంలోనే ట్యాంకులు, ఇంజన్, ఉపగ్రహం అన్నీ సర్దాలి. అదే 440 సెకన్లు పెట్టి చేస్తే 89 శాతం చాలు. మన సీఈ20 క్రయో ఇంజన్ ఆ 440 ప్రాంతంలో ఉంటుంది. హైడ్రోజన్ కోసం అంత కష్టం ఎందుకు పడ్డారో, రాకెట్‌ను దశలు దశలుగా ఎందుకు విడగొడతారో ఈ ఒక్క లెక్కతో తెలిసిపోతుంది. తనే కాగితం మీద చేయాలి, మీరు పక్కన కూర్చోండి చాలు.

ఇంట్లో మందు కలిపి రాకెట్లు చేసే వీడియోలు మాత్రం చూసి ప్రయత్నించనివ్వకండి. అగ్గిపుల్లల మందైనా, చక్కెర కలిపే రకమైనా సరే. వేళ్లు పోతాయి, కళ్లు పోతాయి, చట్టం ప్రకారం నేరం కూడా. సీసాలో నీళ్లు పోసి సైకిల్ పంపుతో గాలి కొట్టి ఎగరేసే రాకెట్‌తోనే నేర్చుకోవాల్సింది బోలెడు ఉంది.

బీటెక్ తర్వాత గేట్ రాసి ఎంటెక్ చేయడం నేను గట్టిగా చెప్పే దారి, ముఖ్యంగా మామూలు కాలేజీ నుంచి వచ్చే పిల్లలకు. బెంగళూరు ఐఐఎస్‌సీ గానీ, పైన చెప్పిన ఐఐటీలు గానీ, దగ్గర్లో కావాలంటే కందిలో ఉన్న హైదరాబాద్ ఐఐటీ గానీ. గేట్ స్కోరుతో చేరితే నెలకు 12,400 స్టైపెండ్ వస్తుంది, ఇంటి మీద భారం పెద్దగా పడదు. థర్మల్, ప్రొపల్షన్ ఎంటెక్ చేసిన వాళ్లకని ఇస్రో కేంద్రాలు విడిగా పోస్టులు పిలిచిన సందర్భాలూ ఉన్నాయి. మామూలు కాలేజీలో బీటెక్ చేసిన ముద్ర ఈ రెండేళ్లలో చెరిగిపోతుంది, తర్వాత ఎవరూ అడగరు.

పీహెచ్‌డీ అందరికీ అక్కర్లేదు. డిజైన్, టెస్టింగ్, తయారీ పనికి ఎంటెక్ చాలు. ఇస్రోలో, డీఆర్‌డీఓలో ఉద్యోగం చేస్తూనే పీహెచ్‌డీ చేసేవాళ్లూ ఉన్నారు. కానీ అమ్మాయి అడిగింది రీసెర్చ్ కాబట్టి, ఎందుకు ఇలా జరుగుతోంది అన్న ప్రశ్న పట్టుకుని ఏళ్లు కూర్చునే ఓపిక ఉంటే చేయాలి. మామూలుగా ఐదారేళ్లు. జేఆర్ఎఫ్, అంటే పరిశోధన చేసే పిల్లలకు ఇచ్చే ఫెలోషిప్, ఇప్పుడు నెలకు 37,000, తర్వాత 42,000, పైన ఇంటి అద్దె భత్యం. నా విషయం దహన అస్థిరత. ఛాంబర్‌లో మంట ఎప్పుడూ కొంచెం కదులుతూ ఉంటుంది, పీడనం పెరిగే క్షణంలోనే మంట వేడి కూడా పెరిగిందంటే రెండూ ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి, సెకనుకు వందల సార్లో వేల సార్లో ఊగే పీడన తరంగం పుడుతుంది, కళ్లు మూసి తెరిచేలోపు ఇంజెక్టర్ కరిగిపోవచ్చు. అమెరికా వాళ్లు చంద్రుడి మీదికి వెళ్లడానికి చేసిన ఎఫ్-1 ఇంజన్‌కు 1960ల్లో ఈ జబ్బే పట్టింది. మండుతున్న ఛాంబర్ లోపల కావాలనే చిన్న బాంబులు పేల్చి, ఆ కుదుపు తనంతట తాను సద్దుమణుగుతుందా లేదా అని చూశారు, ఇంజెక్టర్ ముఖం మీద అడ్డుగోడలు పెట్టి పెట్టి చివరికి అదుపులోకి తెచ్చారు. ఇప్పటికీ కొత్త ఇంజన్ గీసేటప్పుడు ఇది వస్తుందా రాదా అని కాగితం మీద ఖచ్చితంగా చెప్పలేం, మండించి చూడాల్సిందే. అంత పెద్ద ప్రశ్న ఇంకా తెరిచి ఉంది, అందుకే కొత్తవాళ్లు కావాలి.

గైడ్‌ను ఎంచుకునేటప్పుడు కూడా పాత కొలతే. ఆ ల్యాబ్‌లో ప్రయోగాలు చేసే రిగ్ నడుస్తోందా, ఇప్పుడున్న సీనియర్ పిల్లలు ఏళ్లు గడిచినా పరికరాల కోసమే ఎదురుచూస్తున్నారా అని నేరుగా వాళ్లనే అడగాలి. మొహమాటపడితే కుదరదు.

అమెరికా సంగతి. దీని గురించి మన దగ్గర ఎవరూ చెప్పరు, ఏజెంట్లు అసలే చెప్పరు. అక్కడ రాకెట్ ఇంజన్ టెక్నాలజీ ఆయుధాల ఎగుమతి నిబంధనల కిందికి వస్తుంది, ఐటార్ అంటారు. అందువల్ల అక్కడి రాకెట్ కంపెనీల్లో ఇంజన్ పనికి దాదాపు ఎప్పుడూ పౌరసత్వమో గ్రీన్‌కార్డో అడుగుతారు. స్టూడెంట్ వీసా మీద, హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు తలుపు తెరుచుకోదు, మనవాళ్లకు గ్రీన్‌కార్డు రావడానికి ఎంత కాలం పడుతోందో మీకు తెలిసిందే. భూమి తాకట్టు పెట్టి ఏరోస్పేస్ ఎంఎస్ చేయించి, చివరికి పిల్ల సాఫ్ట్‌వేర్‌లో కుదురుకోవడం నేను చాలా ఇళ్లలో చూశాను. యూనివర్సిటీల్లో దహనం మీద మౌలిక పరిశోధన చేయడానికి అడ్డు లేదు, పూర్తి ఫండింగ్‌తో పీహెచ్‌డీ వస్తే వెళ్లొచ్చు. అప్పు చేసి ఎంఎస్ మాత్రం ఈ రంగం కోసమైతే వద్దు. ఐరోపాలో జర్మనీ వాళ్ల లాంపోల్డ్స్‌హౌసెన్ టెస్ట్ కేంద్రం లాంటివి ఉన్నాయి, అక్కడ కూడా నిబంధనలు ఉంటాయి, ముందే కనుక్కోవాలి.

పైగా ఇప్పుడు పని మన దగ్గరే ఉంది. హైదరాబాద్‌లో స్కైరూట్‌ను 2018లో ఇస్రో నుంచి బయటికొచ్చిన ఇద్దరు, పవన్ కుమార్ చందన, నాగభరత్ డాకా, మొదలుపెట్టారు. 2022 నవంబర్ 18న వాళ్ల విక్రమ్-ఎస్ శ్రీహరికోట నుంచి ఎగిరింది, మన దేశంలో ప్రైవేటు వాళ్లు చేసిన మొదటి రాకెట్ అది. చెన్నై అగ్నికుల్ వాళ్లు 2024 మే 30న త్రీడీ ప్రింటర్‌తో ఒకే ముక్కగా చేసిన ఇంజన్‌తో తమ రాకెట్‌ను ఎగరేశారు. కంచన్‌బాగ్‌లో డీఆర్‌డీఓ వాళ్ల డీఆర్‌డీఎల్ ఉంది, క్షిపణుల ప్రొపల్షన్ వాళ్ల పనుల్లో ఒకటి. ధ్వని కన్నా ఎన్నో రెట్లు వేగంగా పోతూ బయటి గాలితోనే మండే స్క్రామ్‌జెట్ ఇంజన్ కంబస్టర్‌ను (మంట గదిని) 2025 ఏప్రిల్‌లో వెయ్యి సెకన్లకు పైగా మండించారు, అది మామూలు విషయం కాదు. పక్కనే మిధాని, రాకెట్లకు కావలసిన ప్రత్యేక ఉక్కు, టైటానియం అక్కడ తయారవుతాయి. బాలానగర్‌లోని ఎంటార్ కంపెనీలో ఇస్రో వికాస్ ఇంజన్, క్రయో ఇంజన్ భాగాలు చేస్తారు. సాగర్ రోడ్డు నుంచి కొంచెం లోపలికి వెళ్తే ఆదిబట్ల, విమాన ఇంజన్ల భాగాలు చేసే చోటు. ఇక మన పాత నల్లగొండ జిల్లాలోనే, యాదగిరిగుట్ట దగ్గర పెద్దకందుకూరులో ప్రీమియర్ ఎక్స్‌ప్లోజివ్స్ క్షిపణుల ఘన ప్రొపెల్లెంట్ తయారు చేస్తుంది. గుట్టకు వెళ్లేటప్పుడు ఆ దారిన ఎన్నిసార్లు పోయినా అక్కడ ఏం చేస్తారో మనలో చాలామందికి తెలియదు.

జీతం దాచకుండా చెప్తా. ఇస్రో, డీఆర్‌డీఓలో సైంటిస్ట్‌గా చేరితే ఏడో వేతన సంఘం లెక్కన మూల వేతనం 56,100, పైన డీఏ, హెచ్‌ఆర్‌ఏ. క్వార్టర్స్, వైద్యం, పిల్లల చదువు విషయంలో ఇబ్బంది ఉండదు. స్టార్టప్‌లలో కంపెనీని బట్టి, చేతిలో ఉన్న పనిని బట్టి. తనతో చదివి సాఫ్ట్‌వేర్‌కు వెళ్లిన స్నేహితులు మొదటి పదేళ్లు తనకంటే ఎక్కువే సంపాదిస్తారు, ఇరవై ఎనిమిదేళ్లకు వాళ్లు ఫ్లాట్ కొనుక్కుంటే తను స్టైపెండ్ మీద ఉండొచ్చు. అప్పుడు పెళ్లిళ్లలో, పేరంటాల్లో జనం అనే మాటలు తగులుతాయి. ఆ సమయంలో ఇంట్లోవాళ్లు పక్కన నిలబడితే ఇంకేం అక్కర్లేదు. మా నాన్న నిలబడ్డాడు, అందుకే ఇది మీకు రాస్తున్నాను.

ఆడపిల్లకు సాగుతుందా అన్నారు. సాగుతుంది అన్నా. మహేంద్రగిరి లాంటి చోట్లు ఊళ్లకు దూరం, కౌంట్‌డౌన్ ఉంటే రాత్రిళ్లు ఉండాలి, కొన్ని ఇంధనాలు విషం, వాటి దగ్గరికి ఒళ్లంతా కప్పే సూట్లు వేసుకుని వెళ్లాలి. ఇవి మగవాళ్లకూ అంతే. నేను చేరిన కొత్తలో ఒక చోట స్టాండ్ మీదికి ఎక్కనివ్వకుండా డెస్క్ పనికే పరిమితం చేయాలని చూశారు, నేను రోజూ వెళ్లి అడిగాను, అడిగి అడిగి ఎక్కాను. మీ అమ్మాయి కూడా అడగాల్సి రావచ్చు, అడిగే ధైర్యం ఇప్పటి నుంచే ఇవ్వండి. ఇంకా మీకు ఒక సౌకర్యం ఉంది, శబరి ఎక్స్‌ప్రెస్ మిర్యాలగూడలో ఆగుతుంది, ఎక్కితే బండి మారకుండా తిరువనంతపురంలో దిగొచ్చు. ఒక రోజు పైనే పడుతుంది గానీ దూరం అని భయపడేంత దూరం కాదు.

కాలం లెక్క మీరే వేసుకోండి: బీటెక్ నాలుగు, ఎంటెక్ రెండు, పీహెచ్‌డీ చేస్తే ఇంకో ఐదారు. బీటెక్ అవగానే ఉద్యోగంలో చేరి తర్వాత చదువుకుంటానన్నా తప్పు లేదు, ఇంజన్ దగ్గర ఉద్యోగమైతే.

దగ్గరి పని ఒకటి గుర్తు పెట్టుకోండి. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హత వచ్చాక ఐఐటీల కౌన్సెలింగ్‌తో పాటే ఐఐఎస్‌టీ కూడా వస్తుందనుకుని చాలామంది ఊరుకుంటారు. ఐఐఎస్‌టీకి విడిగా వాళ్ల వెబ్‌సైట్‌లోనే అప్లై చేయాలి, తేదీ దాటితే ర్యాంకు ఉన్నా లాభం లేదు. మీకు ఓబీసీ గానీ ఈడబ్ల్యూఎస్ గానీ వర్తిస్తే కేంద్రం అడిగే నమూనాలో సర్టిఫికెట్ కావాలి, మన రాష్ట్రం కోసం తీసుకున్నది చెల్లదు, పైగా ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదే అడుగుతారు. మీసేవలో ముందే మాట్లాడి పెట్టుకోండి, ఆ నెలలో రద్దీ చాలా ఉంటుంది.